హైవే పక్కకి జరిగిపోయిన ఊళ్లో మెస్: బోర్డు ఎక్కడ పెట్టాలి, ఏం రాయాలి?

ప్రశ్న అడిగినావిడ చెప్పింది క్లుప్తంగా ఇది. ఆంధ్రా సరిహద్దులో ఒడిశా వైపున్న గిరిసోలా చెక్‌గేటు దాటి బరంపురం వైపు వస్తుంటే ఎడమచేతి వైపు ఒక చిన్న ఊరు. అక్కడ అత్తగారూ తనూ కలిసి మెస్ నడుపుతున్నారు. పైన అద్దెకిచ్చే గదులు నాలుగున్నాయి. రోడ్డు ఊళ్లోంచి వెళ్లినన్నాళ్లూ బేరం బాగానే ఉండేది. ఇప్పుడు నాలుగు లైన్ల ఎన్‌హెచ్ 16 ఊరి పక్కనుంచి ఎత్తు కట్ట మీద వెళ్లిపోతోంది, మెస్ 700 మీటర్లు లోపలికి పడిపోయింది. "హైవే మీద 20 అడుగుల హోర్డింగ్ పెడితే జనం దిగుతారా? పర్మిషన్ ఎవరివ్వాలి? ఎంత ముందు పెట్టాలి?" అని అడిగారు. చేయించబోయే హోర్డింగ్ డిజైన్ ఎలా ఉంటుందో కూడా రాశారు.

సూటి జవాబు ముందు చెప్తానమ్మా. ఆ పెద్ద హోర్డింగ్ వద్దు. అదే డబ్బుతో రోడ్డుకి ఒక్కో వైపు రెండేసి చిన్న బోర్డులు వస్తాయి, అవి పెట్టించండి. నాలుగూ ప్రైవేటు పొలాల్లోనే ఉండాలి, హైవే భూమిలో ఒక్క గుంత కూడా తవ్వొద్దు. ఒక్కో బోర్డు మీద నాలుగైదు మాటలు చాలు. మీ మెస్ పేరు వాటిలో చివరిది. సర్వీస్ రోడ్డులోకి దిగే చోటు ఎంత దూరంలో ఉందో చెప్పడమే మొదటి పని.

మాది బరంపురంలో బోర్డుల పని. నాన్న గోడల మీద ఎనామిల్ పెయింటుతో రాసేవారు. నేను 1994లో కుంచె పట్టుకున్నాను, తర్వాత ఫ్లెక్స్, ఇప్పుడు ఏసీపీ షీటూ (పైనా కిందా పల్చటి అల్యూమినియం ఉండే పలక) రేడియం స్టిక్కరూ. ఛత్రపురం నుంచి ఇచ్ఛాపురం దాకా, అటు పర్లాకిమిడి, రాయగడ, జయపురం దాకా హోటళ్లకీ లాడ్జీలకీ దారి బోర్డులు పెట్టాను. కొన్ని పనిచేశాయి, కొన్ని పనిచేయలేదు. ఎందుకో ఒక్కొక్కటి చెప్తాను.

ముందు మీ డిజైన్ సంగతి. అందులో మెస్ పేరు, అత్తగారి ఫోటో, మీ మామగారి పేరు, రెండు ఫోన్ నంబర్లు, పదకొండు ఐటమ్స్, కింద మూలన బాణం గుర్తు అని రాశారు. ఇది మీ గుమ్మం ముందు పెట్టాల్సిన బోర్డు. హైవే మీద లెక్క వేరు. నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకి 100 కిలోమీటర్ల వేగం దాకా అనుమతి ఉంది, లారీలకి 80. అంటే కారు సెకనుకి 28 మీటర్లు పోతుంది, లారీ 22. ఇక అక్షరం లెక్క. ఒక సెంటీమీటరు ఎత్తున్న అక్షరం సుమారు 5 మీటర్ల దూరం నుంచి చదవగలం. 20 అడుగుల హోర్డింగ్‌లో పదకొండు ఐటమ్స్ ఇరికిస్తే ఒక్కో అక్షరం 10 సెంటీమీటర్లకి మించదు. అది 50 మీటర్ల దగ్గరకొస్తే గాని కనబడదు. కారు ఆ 50 మీటర్లు రెండు సెకన్లలో దాటేస్తుంది. "ఇడ్లీ, వడ" అని చదివేలోపే బోర్డు వెనక్కి పోతుంది.

అదే అక్షరం అడుగు ఎత్తుంటే 150 మీటర్ల నుంచి తెలుస్తుంది, అంటే అయిదు సెకన్లు దొరుకుతాయి. అయిదు సెకన్లలో నాలుగు మాటలు చదివి, పక్క సీట్లో ఉన్నవాళ్లని "ఆగుదామా?" అని అడగొచ్చు. ఆ ప్రశ్న అడిగించడమే బోర్డు పని. మన తెలుగుకీ ఒడియాకీ గుండ్రాలెక్కువ, తెలుగుకి కింద ఒత్తులు కూడా ఉంటాయి. అందుకే నేను ఇంగ్లీషు అక్షరం కంటే పావు వంతు పెద్దగా వేస్తాను. ఒత్తుల్లేని మాట దొరికితే అదే వాడతాను. "భోజనం" దూరం నుంచి హాయిగా కనబడుతుంది. "శుభ్రమైన శాకాహార విందు" అని రాస్తే మెలికలు తప్ప ఏమీ కనబడవు.

ఇప్పుడు దూరం. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. బోర్డు మీద రాసే దూరం మీ మెస్‌కి కాదు, డ్రైవరు హైవే వదలాల్సిన చోటికి. మీ ఊరి దగ్గర రోడ్డు అండర్‌పాస్ మీదుగా పోతోందన్నారు కదా. సర్వీస్ రోడ్డులోకి దిగే సందు అండర్‌పాస్‌కి కొన్ని వందల మీటర్ల ముందే ఉంటుంది. అది దాటిందంటే కారు కట్ట ఎక్కేస్తుంది, రెండు వైపులా రెయిలింగ్, ఇక మీ ఊరు కింద కనబడుతున్నా దిగడానికి దారి ఉండదు. ఛత్రపురం వైపు ఒక లాడ్జికి నేనే ఈ తప్పు చేశాను. లాడ్జి దాకా కిలోమీటరు కొలిచి "1 కి.మీ." అని రాశాను. సర్వీస్ రోడ్డు సందు మాత్రం బోర్డు దాటిన 200 మీటర్లకే వచ్చేసింది. జనం ఇంకా కిలోమీటరుంది కదా అని ధీమాగా కట్ట ఎక్కేసేవారు. ఓనరు రెండు నెలలు ఓపిక పట్టి నన్ను పిలిచి, తన బండి వెనక కూర్చోబెట్టుకుని ఆ దారిలో తిప్పి చూపించాడు. అప్పటి నుంచి నేను ఏ బోర్డుకైనా ముందు ఆ దారిలో మూడుసార్లు వెళ్తాను. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి, లారీ కేబిన్‌లో ఒకసారి. లారీ సీటు ఎత్తు వేరు, కారులో కనబడని కొమ్మ అక్కడ సరిగ్గా కంటికి అడ్డం వస్తుంది.

మీకు నేను చెప్పే కొలత ఇది: మొదటి బోర్డు సర్వీస్ రోడ్డు సందుకి 2 కిలోమీటర్ల ముందు, రెండోది 500 మీటర్ల ముందు. మొదటిది ఆలోచన పుట్టించడానికి, రెండోది ఎడమ లైన్‌లోకి వచ్చి వేగం తగ్గించుకోవడానికి. సందు దగ్గరే ఇంకోటి పెడదామని మీకనిపిస్తుంది. వద్దు, దాని సంగతి కింద చెప్తాను.

స్థలం, పర్మిషన్. నాలుగు లైన్ల జాతీయ రహదారికి చాలాచోట్ల 60 మీటర్ల వెడల్పు భూమి తీసుకుంటారు. తారు అంచు దాటాక ఖాళీగా కనబడే గడ్డి నేలంతా ఎవరిదీ కాదని మనవాళ్లు అనుకుంటారు. అది రహదారి భూమి. 2002లో వచ్చిన జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణ చట్టం ప్రకారం అక్కడ అనుమతి లేకుండా ఏం పెట్టినా ఆక్రమణ కిందే లెక్క, తీసేసే అధికారం వాళ్లకుంది. ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. 2009లో ఒక ధాబా ఆయనకి ఆరు బోర్డులు రోడ్డు అంచునే పాతాను. "ఏం పర్లేదు, అందరూ పెడుతున్నారు" అని ఎవరో నోటిమాటగా అంటే నమ్మాను. ఒకరోజు తెల్లారేసరికి ఆరూ లేవు. జేసీబీతో పెకిలించి ఇనుముతో సహా తీసుకెళ్లారు. ఆయనకి 38 వేలు పోయింది. నేను పని మీద తీసుకున్నది సగం తిరిగిచ్చాను, మిగతాది ఆయన అడగలేదు. ఆయన మొహం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి ముందు హద్దు రాళ్లు వెతకండి. పొలం గట్ల దగ్గర చిన్న సిమెంటు దిమ్మల్లా ఉంటాయి, తుప్పల్లో కప్పబడిపోయి ఉంటాయి. అవి దాటి లోపలున్న పొలం రైతుతో మాట్లాడండి. స్టాంపు పేపరు మీద రాయించుకోండి: ఎన్ని అడుగుల స్థలం, ఏడాదికి ఎంత, ఎవరు తీయమంటే తీయాలి. అన్నదమ్ముల ఉమ్మడి పొలమైతే అందరి సంతకాలూ కావాలి. ఒకాయన సంతకంతో పెట్టిన బోర్డుని రెండో ఆయన గొడ్డలితో కొట్టడం చూశాను. తర్వాత పంచాయతీలోగాని, ఎన్‌ఏసీ (ఒడిశాలో చిన్న పట్టణాల పాలక మండలి) పరిధి అయితే అక్కడగాని రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఫీజు ఉంటే కట్టి, రసీదు దాచుకోండి.

ప్రైవేటు పొలమైనా కొన్ని దూరాలు పాటించాలి. రోడ్డు పక్క ప్రకటనల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లోనే ఒక పాలసీ రాసింది, ఐఆర్‌సీ 46 అంటారు. జంక్షన్‌కి, వంతెనకి 100 మీటర్ల లోపల ప్రకటన బోర్డు ఉండకూడదు. ఊళ్లలో అయితే 50 మీటర్ల దాకా సడలింపు ఉంది. తారు అంచుకి 10 మీటర్ల లోపల వద్దు. ప్రభుత్వం పెట్టిన ట్రాఫిక్ గుర్తుకి 50 మీటర్ల లోపల వద్దు. రోడ్డుకి అడ్డంగా గుడ్డ బ్యానర్లు కట్టకూడదు. సందు దగ్గర మూడో బోర్డు వద్దన్నది ఇందుకే. నిబంధన పక్కన పెట్టినా, అక్కడ డ్రైవరు అద్దంలో వెనక బండి చూసుకుని, ఎదురుగా వచ్చే మోటారు సైకిలు చూసుకుని దిగాలి. ఆ క్షణంలో అతని కళ్లని మనం లాక్కోకూడదు. అదే కారణంతో మెరిసి ఆరే లైట్లు నేను ఎవరికీ వేయను. డబ్బెక్కువిస్తామన్నా వేయలేదు.

ఇంకోమాట. మా దారిలో కొందరు హోటలు కోసం డివైడర్ పగలగొట్టి సందు చేసుకుంటారు, రెయిలింగ్ కోస్తారు. అలాంటి సందు వైపు బాణం గీయమంటే నేను ఆ పని ఒప్పుకోను. ఎదురుగా వచ్చే లారీకి ఆ సందులోంచి బండి వస్తుందని తెలియదు.

అయితే సందు దగ్గర ఏమీ ఉండకూడదా అంటే, ఉండాలి, కానీ అది మీరు పెట్టేది కాదు. మీ ఊరి పేరున్న అసలు బోర్డు అక్కడ ఉందో లేదో చూడండి. హైవే వాళ్ల ఆకుపచ్చ బోర్డు మీద మీ ఊరి పేరు, బాణం ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. లేకపోతే పంచాయతీ తీర్మానం చేయించి, ఎన్‌హెచ్ 16కి అయితే హైవే అథారిటీ ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసుకి అర్జీ పెట్టండి. ఎన్‌హెచ్ 326 లాంటి దారుల్లో ఉన్నవాళ్లు, ఆ ముక్క ఎవరి చేతిలో ఉందో కనుక్కుని, రాష్ట్ర వర్క్స్ డిపార్ట్‌మెంట్ ఎన్‌హెచ్ డివిజన్ కింద ఉంటే అక్కడ ఇవ్వాలి. అదే అర్జీలో నీలం బోర్డు కూడా అడగండి. నీలం పలక మధ్యలో తెల్ల చదరం, అందులో నల్లగా గుర్తు ఉంటుంది చూడండి, చెంచా ఫోర్కు అయితే భోజనం, మంచం అయితే బస. ఐఆర్‌సీ 67లో వీటికి నమూనాలున్నాయి. వాటి మీద ఎవరి హోటలు పేరూ ఉండదు, ఊరంతటికీ పనికొస్తుంది. మీరొక్కరే వెళ్తే కాగితం కదలడం కష్టం. పెట్రోలు బంకు, ఆస్పత్రి, గుడి కమిటీ వాళ్లతో కలిసి వెళ్లండి. మీ బోర్డులు మాత్రం ఆకుపచ్చగా, నీలంగా వేయకండి, సర్కారు బోర్డనుకుని జనం తికమకపడతారు. పసుపు మీద నలుపు వేయించండి. మబ్బుల్లోనూ పొగమంచులోనూ అది బాగా పలుకుతుంది.

2024 అక్టోబరులో కేంద్రం హమ్‌సఫర్ పాలసీ అని తెచ్చింది. హైవే పక్కన ఇప్పటికే ఉన్న హోటళ్లు, బంకులు అందులో నమోదు చేసుకుంటే రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో కనబడతాయి, ప్రయాణికులు రేటింగ్ ఇస్తారు. ఆ ఆఫీసుకి ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి, మీలాంటి లోపలి మెస్‌కి అవకాశం ఉందేమో అక్కడే అడగండి.

భాష. ఈ విషయం మీద నాకు పట్టింపు ఎక్కువ, కాస్త వివరంగా చెప్తాను. "ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లకి తెలుగు, ఒడిశా నుంచి వచ్చేవాళ్లకి ఒడియా" అని రాశారు. చూడ్డానికి సబబుగానే ఉంది. నేనూ చాలా ఏళ్లు అలాగే వేశాను. తర్వాత ఒక మెస్ దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని, ఆగిన ప్రతి బండినీ ఎటు వెళ్తున్నారో అడిగాను. తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది పూరీ నుంచి తిరిగి వస్తున్నవాళ్లు. నాలుగు రోజులు గుడి ప్రసాదం, హోటలు తిండి తిని, ఇప్పుడు పప్పూ చారూ ఆవకాయా ఎక్కడ దొరుకుతుందా అని చూస్తున్నారు. ఒక పెద్దావిడ కంచం ముందు కూర్చుని, మజ్జిగ పోసుకున్నాక గాని మాట్లాడలేదు. అదే పూరీకి వెళ్లేటప్పుడు వాళ్లు ఆగరు. ఇంట్లో కట్టుకున్న పులిహోర ఉంటుంది, దర్శనం టైము టెన్షన్ ఉంటుంది. ఒడియా కుటుంబాలూ అంతే, విశాఖ ఆస్పత్రుల నుంచి, అరకు నుంచి ఇంటికి తిరిగి వస్తూ ఆగుతారు. అంటే బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్లే బండ్లకి కనబడే బోర్డు మీద తెలుగు పెద్దగా ఉండాలి, ఇచ్ఛాపురం నుంచి బరంపురం వైపు వచ్చే బండ్లకి ఒడియా పెద్దగా ఉండాలి. మీరనుకున్నదానికి సరిగ్గా తలకిందులుగా. ఒడియాలో టిఫిన్‌ని జలఖియా అంటారు, ఆ మాటే రాయించండి. రెండు వైపులా ఇంగ్లీషులో దూరం, బాణం, కంచం బొమ్మ ఉంటే జార్ఖండ్ లారీ ఆయనకైనా కోల్‌కతా కారు ఆయనకైనా చాలు. ఒడిశాలో దుకాణం పేరు బోర్డు మీద ఒడియా తప్పనిసరి కాబట్టి, మెస్ గుమ్మం మీద బోర్డుకి అది మర్చిపోకండి. ఒడియా అక్షరాలు తెలిసిన మనిషి చేత దిద్దించండి. కంప్యూటర్‌లో ఫాంటు మారి అక్షరం విరిగిపోతే, చదివేవాడికి మన మీద గౌరవం పోతుంది.

తెలుగువాళ్లు దక్షిణానికి వెళ్లే వైపు ఉన్నారు, మీ ఊరేమో ఉత్తరానికి వచ్చే వైపు ఎడమన ఉంది. కాబట్టి వాళ్లు సర్వీస్ రోడ్డులోకి దిగి, అండర్‌పాస్ కింద నుంచి కుడికి రావాలి. ఇది బోర్డు మీద ఒక్క మాటలో తేలాలి. నేనైతే ఇలా వేస్తాను: పైన "తెలుగు భోజనం", మధ్యలో ఎడమ బాణం, "500 మీ.", కింద "అండర్‌పాస్ కింద", చివర మెస్ పేరు. సర్వీస్ రోడ్డు మీద, ఎవరిదైనా ప్రహరీ గోడ దొరికితే, పెయింటుతో కుడి బాణం. మా నాన్న కాలంలో గోడకి డబ్బిచ్చేవారు కాదు, ఏడాదికోసారి ఆ ఇంటి గోడంతటికీ సున్నం వేయించేవారు. ఇప్పటికీ పల్లెల్లో ఆ పద్ధతికి ఒప్పుకుంటారు.

హైవే దిగడానికి డ్రైవరుకుండే భయాలు రెండు. తిరిగి ఎక్కగలనా, బండి తిరుగుతుందా. మీ వాకిట్లో టూరిస్టు బస్సు తిరిగే చోటుంటే "బస్సు పార్కింగ్" అని రాయండి, ఆ రెండు మాటలు మెనూ అంతటికంటే బలమైనవి. మీ గేటు దగ్గర లోపలి వైపు, బయటికి వెళ్లేవాళ్లకి కనబడేలా "హైవే 700 మీ." అని బాణం పెట్టండి. ఇక ఆడవాళ్లున్న కారు ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది ముందు బాత్రూమే. టాయిలెట్ గుర్తు వేయించండి, కానీ అది వేసే ముందు టాయిలెట్ బాగుచేయించండి. గడియ, లైటు, నీళ్లు, ఒక కొక్కెం. ఒకసారి బోర్డు నమ్మి దిగి ముక్కు మూసుకుని వెళ్లినవాళ్లు మళ్లీ ఎన్నటికీ దిగరు. మీకు డబ్బు తక్కువుంటే నాలుగో బోర్డు మానేసి ఆ డబ్బు అక్కడ పెట్టండి.

మీది మెస్ కాబట్టి మీకు అక్కర్లేదు గాని, ఇది చదివే బార్ అండ్ రెస్టారెంట్ వాళ్లకి ఒక మాట. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో హైవేల పక్కన మద్యం దుకాణాల బోర్డులు, ప్రకటనలు నిషేధం. ఆ పని నా దగ్గరికి తేకండి.

ఏ సామాను వాడాలి. ఫ్లెక్స్ చవక, కానీ రెండు ఎండాకాలాలకి వెలిసిపోతుంది, రాత్రి కనబడదు. లోపల జీఐ షీటుగాని (జింకు పూత పూసిన ఇనప రేకు) ఏసీపీ షీటుగాని వేసి, పైన రేడియం షీటు అంటించిన అక్షరాలు వేయించండి. బండి లైటు పడితే అదే వెలుగుతుంది, కరెంటు అక్కర్లేదు. బోర్డుని రోడ్డుకి పూర్తిగా ఎదురుగా నిలబెట్టకుండా, ఒక్క పిసరు పక్కకి తిప్పాలి. లేకపోతే లైటు సూటిగా తిరిగొచ్చి అక్షరం తెల్లగా మెరిసిపోతుంది. కట్ట మొదలయ్యే ముందు, రోడ్డూ పొలమూ ఒకే మట్టంలో ఉన్న చోటే పెట్టండి. కట్ట పక్కన పొలంలో పెడితే రెయిలింగ్ కిందకి పోతుంది.

గాలి సంగతి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మర్నాడు నేను పెట్టిన బోర్డుల కోసం మోటారు సైకిలు మీద బయల్దేరాను. రోడ్డంతా చెట్లు. ఒక 16 అడుగుల ఫ్రేము నాలుగు మడతలు పడి వరి చేలో పడుంది, పక్కనే అది పెకిలించుకొచ్చిన కాంక్రీటు దిమ్మ, నీళ్ల బిందె అంత. ఆ దిమ్మ అడుగున్నర లోతుకి మించి దించలేదు. ఆ రాత్రి ఆ పొలంలో, ఆ రోడ్డు మీద మనిషెవరూ లేకపోవడం మా అదృష్టం. తర్వాత 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి గజపతి జిల్లాని కుదిపేసింది. అప్పటికి నేను పద్ధతి మార్చుకున్నాను. ఒక పెద్ద షీటు బదులు మూడు పట్టీలు, మధ్యలో నాలుగేసి అంగుళాల ఖాళీ, గాలి అందులోంచి పోతుంది. రెండు కాళ్లు, నాలుగడుగుల గుంత, వెనక ఏటవాలుగా ఊతం. అలా పెట్టినవాటిలో షీట్లు కొన్ని పోయాయి గాని కాళ్లు ఒక్కటీ లేవలేదు. తుఫాను హెచ్చరిక వస్తే షీట్లు విప్పి ఇంటికి తెచ్చుకునేలా నట్టు బోల్టులతో బిగించండి, వెల్డింగ్ చేయించకండి.

చెట్ల సంగతి కూడా చెప్పాలి. ఒక లాడ్జి బోర్డుకి మార్చిలో చోటు చూశాను. టేకు చెట్లు ఆకు రాల్చి మోడుల్లా ఉన్నాయి, బోర్డు అర కిలోమీటరు నుంచి కనబడింది, సంబరపడ్డాను. జూలైలో వెళ్లి చూస్తే చేటంత ఆకులు, బోర్డులో బాణం మొన ఒక్కటే కనబడుతోంది. టేకు కొమ్మ కొట్టాలంటే అనుమతి కావాలి. బోర్డునే జరిపాం. మీ ఫోటోలు వేసవిలో తీసి ఉంటే, వానాకాలంలో ఆ చోటు ఎలా ఉంటుందో పొలం రైతునడగండి.

చివరగా ఒక ఆలోచన, మీకు వీలైతే. మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ హైవే దిగే దారికి ముందు నీలం బోర్డు ఒకటి, దాని మీద ఆరు దాకా చిన్న చిన్న పలకలు, ఒక్కో పలక ఒక్కో హోటలుదీ బంకుదీ. అన్నీ ఒకే సైజు. వెర్మాంట్ అనే రాష్ట్రంలో 1968లో హోర్డింగులు పూర్తిగా నిషేధించి, బదులుగా వ్యాపారం పేరు, బాణం, దూరం ఉన్న చిన్న బోర్డులు ప్రభుత్వమే పెట్టించే ఏర్పాటు చేశారట. ఆ ఫోటోలు చూశాక రాయగడ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో అలాంటిది చేసి చూశాను. టిఫిన్ హోటలు, లాడ్జి, పంక్చర్ షాపు, మందుల షాపు, స్వీటు షాపు, చీరల కొట్టు, ఆరుగురూ కలిసి ఒకే బోర్డు. పైన ఊరి పేరు పెద్దగా, కింద అడుగు వెడల్పు పలకలు ఆరు. పై పలక ఎవరిదన్న దగ్గర వారం రోజులు పంచాయితీ నడిచింది. చివరికి ఉగాదికి ఉగాదికి పలకలు కిందికి జరపాలని రాసుకున్నారు, అందుకే బోల్టులతో బిగించాను. ఖర్చు ఒక్కొక్కరికి ఆరో వంతు. పొలం అద్దె కట్టడం కూడా తేలిక. పంక్చర్ కోసం దిగినవాడు టిఫిన్ తింటాడు, టిఫిన్‌కి దిగిన ఆవిడ చీరలు చూస్తుంది. మీ ఊళ్లో కూడా మీరే ముందు నలుగురిని కూడగట్టండి. ఒక్క మెస్ కోసం దిగడానికి తటపటాయించేవాళ్లు ఊరి కోసం దిగుతారు.

ఫోన్ మ్యాప్‌లో మీ మెస్ గుర్తు సరిగ్గా గేటు మీద ఉందో చూసుకోండి. చాలా ఊళ్లలో అది ఊరి మధ్యలో ఎక్కడో ఉంటుంది. పేరు తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో ఒకేలా పెట్టండి, బోర్డు మీద కూడా అదే పేరు. బోర్డు చూసి మ్యాప్‌లో వెతికేవాళ్లు ఇప్పుడు ఎక్కువ.

రథయాత్రకి మన వైపు నుంచి పూరీకి బండ్లు బాగా వెళ్తాయి, తిరిగొచ్చే దారిలో వాళ్లు ఆకలిగా వస్తారు. దక్షిణం వైపు వెళ్లే బండ్ల బోర్డు దానికి నెల ముందు నిలబడితే మంచిది. మీరు మూడు ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి: సర్వీస్ రోడ్డు సందు, దానికి 500 మీటర్ల ముందున్న పొలం, ఆ పొలంలో హద్దు రాయి. ఫోటోలో మనిషిని నిలబెట్టండి, ఎత్తు లెక్క తెలుస్తుంది. కాళ్లు ఎన్ని అడుగులు ఉండాలో, అక్షరం ఎంత వేయాలో చూసి చెప్తాను.